ఎండకూ వానకూ కట్టే మూట

లాలాగూడ, సికింద్రాబాద్
హోళి వెళ్లిన వారం

అమ్మకు నీ కొడుకు యాకూబ్ సలాములు. అల్లా దయవల్ల ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మేక ఈనిందా? పక్కింటి బాలమ్మక్క, ఆమె మనుమలు అందరూ కులాసాయే అనుకుంటాను. ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేది లాల్‌బీయే కాబట్టి దానికో మాట. చెల్లే, నీకు నచ్చని ముక్కలు మింగేసి చదవడం నీకు అలవాటు. ఈసారి అక్షరం వదలకుండా చదువు.

నా గురించి బెంగ పెట్టుకోకు. రైల్వే వర్క్‌షాపులో పని అలవాటైంది, చేతులు కాయలు కాచాయి. మధ్యాహ్నం రేకుల కింద ఇనుముతో పాటు మేమూ కాగుతాం. తిండికి లోటు లేదు. గది అద్దెకిచ్చిన నర్సమ్మ రొట్టె చేసి పెడుతుంది కానీ నీ జొన్నరొట్టెలా పొంగదు. ఆ మాట ఆమెతో అనను, అంటే అదీ దొరకదు. ఆదివారాలే గడవవు. అందరూ ఎవరో ఒకరి ఇంటికి వెళతారు. నేను స్టేషన్‌కు వెళ్లి, మన వైపు నుంచి వచ్చే బండి దగ్గర నిలబడి, దిగేవాళ్ల ముఖాలు చూసి తిరిగి వస్తాను. అయినా బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

ఇక అసలు సంగతి. ఆడపిల్లల కాలేజీ ప్రిన్సిపాలు పెద్దమ్మగారిని మళ్లీ కలిశాను. "ఉగాది దాటినంక పిల్లను తోల్కరా, నేనే మాట్లాడుత. ఈసారి సుత గేటు కాడికెల్లే మల్లిపోతే నేనేం జెయ్యలేను" అన్నారు. పోయినసారి మళ్లిపోయినందుకు లాల్‌బీకి ఒక ఏడు పోయింది. ఇప్పుడూ తప్పితే దాని చదువు అంతటితో ఆగినట్టే.

పోయిన ఏడు మీరిద్దరూ బండి దిగిన రోజు నా కళ్ల ముందే ఉంది. నీ నెత్తిమీద మూట, చంకలో దూది రజాయి. చెల్లెకు చీర మీద చీర కట్టించావు, రవిక మీద రవిక వేశావు. ఎందుకమ్మా అంటే, "ఒంటి మీదున్నది ఎవ్వలు గుంజుకోరు బిడ్డా" అన్నావు. పైన మాడే ఎండ. కాలేజీ గేటు ముందు అది కళ్లు తిరిగి పడిపోయింది. ముఖాన నీళ్లు చల్లి లేపేసరికి మబ్బు కమ్మి రాళ్లవాన మొదలైంది. మూట విప్పితే అందులో పేలపిండి, బెల్లం, ఉప్పు, ఇత్తడి చెంబు ఉన్నాయి. ఛత్రీ లేదు, తుడుచుకోవడానికి తువ్వాల కూడా లేదు. "పా బిడ్డా, ఈ ఊరు మనకు పడది" అని సాయంత్రం బండికే దాన్ని తీసుకుని వెళ్లిపోయావు.

అప్పుడు నీ మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. మొన్న ఇక్కడ అలాంటి రాళ్లవానే పడింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, చెప్పులు మరిచిపోయినట్టు ఈసారి మళ్లీ వచ్చింది. పని నుంచి తడిసి వచ్చి, తడి అంగీతోనే గోడకు ఆనుకుని వణుకుతూ కూర్చున్నాను. నర్సమ్మ చూసి, "ఏందయ్యా గిట్ల గూసున్నవ్? మంచం కింద గా మూటల పొడి అంగీలు లేవా?" అంది.

ఉన్నాయి. లాలాగూడకు వచ్చిన రోజు నుంచీ నా మంచం కింద ఒక మూట కట్టే ఉంది. మంచి అంగీలు, అటుకులు, చెంబు. ఎక్కడికి పోవడానికి కట్టానో నాకే తెలియదు, తడిసి వచ్చినా దాన్ని విప్పబుద్ధి కాలేదు. నేనూ నీ కొడుకునే కదా.

పోలీసు యాక్షన్ నాటి వానలు నాకు గుర్తున్నాయి. ఎవరు ఎవరి మీద పడతారో తెలియక ఊరంతా వణికింది. నాయన లేని ఇంట్లో నువ్వు ఒక్కదానివే మాకు బట్ట మీద బట్ట తొడిగి, మూట కట్టి, బాలమ్మక్క మక్కజొన్న చేనులో దాచావు. ఆ పేలపిండి తినే బతికాం. ఆ రజాయి కిందే లాల్‌బీ జ్వరంతో పడుకుని లేచింది. అప్పటి నుంచి పెళ్లికి పోయినా, దర్గా ఉర్సుకు పోయినా నువ్వు అదే మూట కడతావు. నీ మూట తప్పని నేను అననమ్మా. అది లేకపోతే ఇవాళ ఈ ఉత్తరం రాసేవాడూ లేడు, చదివేదీ లేదు.

కానీ ఈసారి మూట ఎండకూ వానకూ కట్టు. తెల్లవారుజామున బండిలో చలి పెడుతుంది, శాలువా కప్పుకోండి. సికింద్రాబాద్ వచ్చేసరికి ఉక్కపోస్తుంది, తీసి సంచిలో పెట్టుకోవచ్చు. ఈ రోజుల్లో తీయడానికి వీలున్నదే వేసుకోవాలి. లాల్‌బీకి ఒంటి మీద పలచని నూలు చీర ఒక్కటే ఉండాలి, రెండోది సంచిలో పెట్టు. తువ్వాల మరువకు. ఛత్రీ నేను కొన్నాను, స్టేషన్‌కు తెస్తాను. వీలైతే నాకు కాస్త చింతకాయ తొక్కు తే. నా మంచం కింది మూట విప్పేశాను, అంగీలు ఇప్పుడు దండెం మీద ఉన్నాయి.

బాలమ్మక్కకు నా సలాం చెప్పు, ఆమె కాళ్లకు మొక్కానని చెప్పు. నీ దువా ఎప్పుడూ నా మీద ఉండాలి. చెల్లే, పెద్దమ్మగారు అడిగితే తల దించుకోకుండా జవాబు చెప్పు.

రజాయి మాత్రం తేవద్దమ్మా. నాయన తన చేత్తో ఏకిన దూది అది. మంచం మీద పరిచి, ఇంటికి తాళం వేసి, తాళంచెవి బాలమ్మక్క చేతికిచ్చి రండి. ఆనాడు తిరిగి వస్తామో రామో తెలియక ఇంట్లో ఏదీ మిగల్చకుండా వెళ్లాం. ఇప్పుడు కాలేజీ చూసుకుని మళ్లీ ఇంటికే వెళతారు. మీరు వచ్చి పడుకోవడానికి అది అక్కడే ఉండాలి.

నీ కొడుకు,
యాకూబ్