కుంకుమ పెట్టిన పిస్తోలు

బావా, నమస్కారం.

నువ్వు పోయి పదకొండు నెలలైంది. మళ్ళీ ఆయుధ పూజ వస్తోంది.

ఎమ్మిగనూరులో నా కుట్టుమిషన్ల రిపేరు కొట్టు అలాగే ఉంది. నా నోరూ అలాగే ఉంది. అందుకే ఆదోనిలో నీ గురించి నలుగురూ అనుకున్న మాటకు నేనొక్కణ్ణే ఎదురు తిరిగాను.

ఏమనుకున్నారో తెలుసా? పిస్తోలు నీది, గుండు నీ ఛాతీలో, గదిలో నువ్వొక్కడివే... కావాలనే కాల్చుకున్నాడన్నారు. అన్నేళ్ళు మిలిటరీలో చేసినవాడి చెయ్యి జారుతుందా అన్నారు. మా అక్క ఉరుకుంద ఈరన్న గుడికి బయలుదేరితే, నీ మొగుడికి అంత కష్టం ఏమొచ్చిందని బస్సులో పక్కనామె అడిగిందట. అక్క దారిలోనే దిగేసింది. ఆ తర్వాత గడప దాటలేదు. తానేం తక్కువ చేసిందని నన్నే అడిగేది.

నా అనుమానం మొదటి నుంచీ ఆ పిస్తోలు మీదే. మిలిటరీ వాళ్ళు వాడి వాడి పక్కన పడేసిన సరుకు, వయసులో నీకంటే పెద్దది. ఏటా దాన్ని పీట మీద పెట్టి, నువ్వుల నూనె పూసి బొట్లు పెట్టేవాడివి. వెనక సుత్తి పడే చోట మరీ పెద్ద బొట్టు! "దాని పానం ఆడనే ఉంటాది, ఆడ పెట్టకుంటే ఎట్లప్పా?" అనేవాడివి.

ఒక్కసారి విప్పి తుడుస్తానని ఎన్నిసార్లు అడిగాను? "ఇది కుట్టుమిషను గాదు బామ్మర్దీ, పోయి నీ సూదులు సూసుకో పో!"

సూదులంటే గుర్తొచ్చింది. ఆలూరు నుంచి ఒకాయన మిషను మోసుకొచ్చాడు. సూది కిందికి దిగుతుంది, పైకి లేవదు. విప్పి చూస్తే లోపలంతా దూది నుసి, జిగురు. ఇంటావిడ పొదుపు కొద్దీ వంటనూనె పోసేదట! ఎండితే అది బంక కాక ఏమవుతుంది? సరే, దారి తప్పాను... తప్పానా?

నీ పిస్తోలులోనూ సూదే కదా బావా. ముందుకు దూకి తూటా వెనక కొట్టాలి, స్ప్రింగు లాగితే వెనక్కి రావాలి. రాకుండా ముందుకే అతుక్కుపోతే? తూటా లోపలికి ఎక్కీ ఎక్కగానే పేలుతుంది. ట్రిగ్గరు మీద వేలు లేకపోయినా సరే.

అదే రాసి అర్జీ పెట్టాను. స్టేషన్లో నవ్వారు. మళ్ళీ పెట్టాను. నాలుగోసారికి నవ్వే ఓపిక లేక పరీక్షకు పంపారు.

పోయిన నెల రిపోర్టు వచ్చింది. సూది ఆడే సందు నిండా ఎండిన నూనె, దూది నుసి, ఏదో ఎర్రటి పొడి. సూది మొన బయటికే బిగుసుకుపోయి ఉందట. ఎర్రటి పొడి అని రాశారు వాళ్ళు. అదేమిటో నాకు తెలియదా?

గొట్టం నీ వైపు ఎందుకుందన్నది మాత్రం అక్క చెప్పింది. ఏటా పూజ కాగానే పీట ముందే కూర్చుని తూటాలు ఎక్కించేవాడివట, దాన్ని నీ వైపు తిప్పుకుని. "అమ్మవారి పటానికి గురి పెడ్తారాప్పా యాడన్నా?" అనేవాడివట.

మహానుభావా... గదికి నాలుగు గోడలు. పటం ఉన్నది ఒక్క గోడకే కదా!

రిపోర్టు నకలు ఇప్పుడు నా జేబులో ఉంది. టీకొట్టు దగ్గర నీ పేరెత్తిన ప్రతివాడికీ మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపిస్తున్నాను. వద్దన్నా వదలను. టీ చల్లారినా వదలను.

అక్కకూ చదివాను. ఏడుస్తుందనుకున్నాను. లేదు, నిన్ను తిట్టింది. పదకొండు నెలల్లో మొదటిసారి, నోరారా తిట్టింది. నీళ్ళు తాగి, మళ్ళీ తిట్టింది. ఆ తర్వాత ఉరుకుంద బస్సు ఎన్నింటికని అడిగింది.

ఆ పిస్తోలు ఇక ఇంటికి రాదు. వద్దని రాసిచ్చేశాం. నీ అలమరలో నేనిచ్చిన మిషన్ నూనె బుడ్డి దొరికింది... మూత కూడా తీయలేదు కదా నువ్వు? ఈసారి పూజకు పీట మీద దాన్నే పెడతాను. బొట్టు పెట్టను. కోపమొస్తే వచ్చి తిట్టు.

ఇట్లు,
అదీ కుట్టుమిషను లాంటిదేనని ఇప్పటికీ అంటున్న
నీ బామ్మర్ది