బతకపోవుడు

లింగాల ఘనపూర్

ప్రియమైన అన్నకు,

ఫోన్ చేస్తే నా యాస నీ ఆఫీసువాళ్ల చెవిన పడుతుందని నీకు పరేషాన్. అందుకే నువ్వు చెప్పినట్టు ఉత్తరమే రాస్తున్నాను.

వచ్చే వారం హైదరాబాదులో, కాన్సులేట్‌లో నా వీసా ఇంటర్వ్యూ. పరాయి దేశంలో, ఆపిల్ తోటలో ఆరు నెలల పని. తిరిగొచ్చి తొర్రూరులో కుట్టుదుకాణం పెట్టుకుంటాను. వీసా రాకపోతే మీ ఇంట్లో వచ్చి ఉండమన్నావు. వంటమనిషి మానేసిందట కదా. ఇంత ప్రేమ ఇన్నాళ్లు ఎక్కడ దాచావో.

నీ చెల్లెలు
స్వప్న

భూపాలపల్లి

చిరంజీవి స్వప్నకు,

కాన్సులేట్ అంటే అంగడి కాదు. అక్కడ ‘ఏంది, గిట్ల’ అంటే గేటు బయటికి పంపిస్తారు. టీవీలో వార్తలు చదివే అమ్మాయిని చూసి ‘అండీ’ అనడం నేర్చుకో. నీకు ఇంగ్లీషు రాదు కాబట్టి నీ తెలుగును మార్చి చెప్పే ట్రాన్స్‌లేటర్ ఉంటాడు. కనీసం అతని ముందైనా పరువు తీయకు.

మీ వదిన నీ కోసం స్టోర్‌రూమ్ ఖాళీ చేయిస్తున్నది.

ఇట్లు నీ శ్రేయోభిలాషి
మహీధర్

లింగాల ఘనపూర్

ప్రియమైన అన్నకు,

వీసా ఇవ్వలేదు. నీ కడుపు చల్లబడ్డదా?

ఎందుకు పోతున్నావని అద్దం వెనకున్న దొర అడిగించాడు. “బతకపోతున్న సారూ” అన్నాను. బొంబాయి పోయినా, దుబాయి పోయినా మనం అనేది అదే కదా. పని చేసుకుని ఇంటికి రావడమే దాని అర్థం. టై కట్టుకున్న ట్రాన్స్‌లేటర్ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. దొర మొహం మాడ్చుకున్నాడు. “అక్కడే ఉండి బతుకుతానన్నారు కదండీ, కుదరదట” అన్నాడు ట్రాన్స్‌లేటర్. నేను నోరు తెరిచేలోపు తర్వాతివాళ్లను పిలిచారు. పేనుకు పెత్తనమిస్తే నెత్తి గొరిగిందట, అట్లున్నది వాడి కథ.

మళ్లీ దరఖాస్తు పెట్టాను.

నీ చెల్లెలు
స్వప్న

భూపాలపల్లి

చిరంజీవి స్వప్నకు,

చెబితే విన్నావా? చదువుకున్నవాళ్ల దగ్గర ఆ మాటలేమిటి? ఈసారి నేనే కారులో తీసుకుపోతాను. ఎలాగూ రాదు, అటునుంచి అటే మా ఇంటికి పోదాం. బట్టలు సర్దుకుని రా.

ఇట్లు
మహీధర్

లింగాల ఘనపూర్

ప్రియమైన అన్నకు,

ఇంటర్వ్యూ అయ్యాక నీకు చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాను. ఎందుకో చెబుతాను.

మళ్లీ ఆ ట్రాన్స్‌లేటరే ఉన్నాడు. మళ్లీ ఆ మాటే అన్నాను. “బతకపోవుడంటే ఆడ ఉండిపోవుడు కాదు. పని జేసుకోని మళ్ల మా ఊరికే వస్త. నీకు సమజ్ గాకుంటే సమజైనోళ్లను పిలువు” అన్నాను. వాడు తల వంచుకున్నాడు. “నాది తొర్రూరే అక్కా. మొన్న అందరి ముంగట తెల్వనట్టు జేసిన. తప్పయింది” అని మెల్లగా అన్నాడు. తర్వాత దొరకు చాలాసేపు విడమరిచి చెప్పాడు. వీసా ఇచ్చారు.

తొర్రూరువాడై ఉండి మొన్న నా పొట్ట కొట్టాడు. తిట్టుకుంటూనే, నీకు చెబుదామని ఉరికొచ్చాను. గేటు దగ్గర నువ్వు, కొడుకు వీసా కోసం వచ్చిన మీ ఆఫీసాయనతో మాట్లాడుతున్నావు. ఎవరితో వచ్చారని ఆయన అడిగాడు. “మా ఊరామె అండీ, పాపం ఎవరూ లేరని తీసుకొచ్చాను” అన్నావు. నీ వెనకే ఉన్నాను.

వాడు ఆలస్యంగానైనా అక్కా అన్నాడు. ఒక్క కడుపున పుట్టినవాడివి, చెల్లెలని చెప్పడానికి నీకు నోరు రాలేదు. ఏడుపొచ్చింది, కానీ నీ ముందు ఏడవబుద్ధి కాలేదు.

వచ్చే నెల పోతున్నాను. సాగనంపడానికి రావద్దు.

ఇట్లు
మీ ఊరామె
స్వప్న