మస్తానయ్య రాసిచ్చిన గురుతులు

బెంగళూరు,
ఏప్రిల్ 20.

పెదనాయనకు,

రోజారమణి నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమం కాదు. క్షేమమని రాయడం మర్యాదే గానీ, వారం నుంచి అన్నం సయించడం లేదు, కూర్చున్న చోట కుదురు లేదు.

ఫోన్ మానేసి ఉత్తరమెందుకంటావా? చెవులు సరిగా వినపడక నువ్వు స్పీకర్ పెడతావు. నేనిక్కడ తుమ్మితే జువ్వలదిన్నె హార్బర్‌లో ఐసు కొట్టేవాళ్లు చిరంజీవ అంటారు. ఇదేమో రహస్యం.

నాయన వద్దంటున్నా నువ్వు పూచీపడి నన్ను ఈ వీడియో గేములు తయారుచేసే చదువులో చేర్పించావు. ఏడాది చివర సొంతంగా ఒక ఆట తయారుచేసి చూపించాలి. నా మొదటి ప్రయత్నం చూసి జయశీల మేడమ్, "ఇది ఎవరైనా చేస్తారు. నువ్వు మాత్రమే చెయ్యగలిగింది తీసుకురా" అన్నారు. ఈసారీ తప్పిందంటే ఏడాది పోయినట్టే. నాయన సంగతి తెలుసుగా, నెల్లూరులో బి.కాం. సీటు చూసిపెట్టుకునే ఉన్నాడు.

చివరికి ఒకటి తట్టింది. నా ఆటలో ఆడేవాళ్లే బోటు నడిపే సరంగులు. దారి చూపే యంత్రం ఉండదు. నువ్వు చేసినట్టే ఒడ్డు మీది గురుతులు ఒకదాని వెనక ఒకటి సరిపెట్టుకుంటూ పోయి, చేపలున్న చోట వల దించాలి. దానికి నిజమైన చోటు కావాలి. నీకు వంజరం చేపలు పడే చోటు గురుతులు రాసి పంపు పెదనాయనా. నేను మగపిల్లాణ్ణయితే ఈపాటికి బోటులోనే చెప్పి ఉండేవాడివి. కట్టేసిన బోటు ఎక్కడం తప్ప నాకేం తెలుసు?

ఎదురుచూసే
రోజారమణి

తా.క. హాస్టల్లో చేపల పులుసు పెట్టారు. ఆ చేప నేను పుట్టకముందే పోయినట్టుంది. వంటాయనకు సంతాపం చెప్పి వచ్చాను.

*

జువ్వలదిన్నె,
ఏప్రిల్ 28.

చిరంజీవి రోజారమణికి,

పెదనాయన మస్తానయ్య దీవించి రాసేది. వేట నిషేధం మొదలై రెండు వారాలయింది. బోటుతోపాటు నన్ను కూడా కట్టేసినట్టుంది. మన వలలన్నీ బాగుచేసినాను. పక్కోళ్లవీ బాగుచేసినాను. నిన్న బాగున్న వల ఒకటి చింపి మళ్లీ బాగుచేస్తా ఉంటే మీ పెద్దమ్మ అంకాలమ్మ చూసింది. "నీకంటే ఆ సముద్రమే నయం, అప్పుడప్పుడన్నా గమ్మునుంటది" అనింది.

నువ్వు అడిగింది చిన్న సంగతి కాదు మే పిల్లా. ఆ గురుతులు మనోళ్లు పెళ్లానికి చెప్పరు, దేవుడికి మొక్కేటప్పుడు కూడా పైకి అనరు. మా నాయన నాకు చెప్పింది సముద్రం మీదే, ఒడ్డున కాదు. అదీ నాకు గడ్డం మొలిచిన ఆరేళ్లకు.

అయినా నీ చదువు నిలబడాలి, నా పూచీ నిలబడాలి. రాసుకో. మసీదు మినారు వెనక ఒంటి తాటిచెట్టు దాక్కోవాల. దక్షిణంగా ఇసకదిబ్బ అంచు మీద చర్చి శిలువ కూర్చోవాల. రెండూ ఒక్కసారి కుదిరినచోట వల దించు.

ఇట్లు
ఒడ్డున పడిన పెదనాయన

తా.క. చదివినాక కాల్చెయ్. చించి పారెయ్యొద్దు. ఎదురింటి చెంచురామయ్య ముప్పై ఏళ్లుగా నా బోటు వెనకే పొంచి వస్తున్నాడు. ముక్కలు ఏరి అతికించుకునే రకం.

*

బెంగళూరు,
మే 12.

మా మంచి పెదనాయనకు,

వేయి నమస్కారాలు. ఆట తయారైంది! మేడమ్ మూడుసార్లు ఆడి, మూడుసార్లూ దారి తప్పి, "ఇదీ పని" అన్నారు. అయితే దీన్ని ముందెప్పుడూ చూడనివాళ్ల చేత ఆడించి, వాళ్లేమన్నారో రాసుకురమ్మన్నారు. మన పెంచల్ అన్నకు పంపించి, నలుగురి చేత ఆడించమన్నాను. నీ కొడుకు సంగతి నీకు తెలుసు. నలుగురంటే బోట్లవాళ్ల వాట్సాప్ గ్రూపనుకుని, 'మా నాయన చోటిదే' అని రాసి మరీ పెట్టాడు. వేట లేక అందరూ ఖాళీ కదా, నిన్నటికి నూట నలభైమంది ఆడారు.

మొదటి స్థానం ఎవరిదనుకున్నావు? చెంచురామయ్య మామది! పదకొండుసార్లు సరిగ్గా ఆ చోటే వల దించాడు.

ఆట ఆటే కదా. నువ్వేమీ అనుకోవు కదా?

కొంచెం భయంతో
రోజారమణి

తా.క. ఆటలో బోటు తప్పుగా తిప్పితే నీ గొంతుతో ఒక పెద్దాయన, "ఒరే, యాడికి తిప్పతా ఉండావురా, పెళ్లికి పోతా ఉండావా?" అని తిడతాడు. తెలుగు రానివాళ్లు కూడా ఆ తిట్టు కోసం కావాలనే తప్పుగా తిప్పుతున్నారు.

*

జువ్వలదిన్నె,
మే 19.

రోజారమణికి,

దీవెనలు తర్వాత. ముందు విషయం విను.

మొన్న చెంచురామయ్య హార్బర్‌లో అందరి ముందూ నా కాళ్లు పట్టుకున్నాడు. "అన్నా, ఇంత పెద్ద మనసుందని తెలవక ముప్పై ఏళ్లు నీ ఎనకాల దొంగమాదిరి తిరిగినానే" అని ఒకటే ఏడుపు. జూన్ పదిహేనున నిషేధం తీరగానే బోట్లన్నీ ఆ చోటుకే పోతాయంట. ఊరి పెద్దలు నాకు శాలువా కప్పుతారంట.

ఇప్పుడు నెమ్మదిగా చదువు. నేను నీకు రాసింది అబద్ధం.

ఆడ బురద తప్ప ఏమీ లేదు. "ఆ పక్కకు పోమాకురా, వల పాడైపోద్ది" అని మా నాయన చెప్పిన చోటది. నిజం రాద్దామనే కూర్చున్నాను. చెయ్యి రాయలేదు మే, అలవాటు. బెంగళూరులో ఆడుకునే ఆటకు బురదైతే ఏమి, వంజరమైతే ఏమి అనుకున్నాను. ఇప్పుడు శాలువా మాట విన్నకాడి నుంచి ఒక్కచోట నిలవలేక రోజుకు ఎనిమిదిసార్లు బోటు చుట్టూ తిరుగుతున్నాను. ముందు ఆ ఆట అందరి ఫోన్లలోంచి పీకెయ్.

ఇట్లు
మస్తానయ్య

తా.క. మీ పెద్దమ్మ కూడా ఆడింది. "ఇన్నేళ్లు కాపరం చేసినా నాకు చెప్పలేదే, ఊరందరికీ చెప్పినావే" అని నాలుగు రోజులుగా అన్నం వడ్డించడం లేదు. అబద్ధమని చెప్తే నీళ్లు కూడా ఇవ్వదు.

*

బెంగళూరు,
మే 27.

పెదనాయనకు,

నమస్కారం. ఈసారి ఒక్కటే.

ఫోన్లలోకి పోయింది వెనక్కి రాదు. అంతకంటే పెద్ద చిక్కొచ్చింది. ఊళ్లో సంగతి విని మేడమ్ సంబరపడి కొత్త పరీక్ష పెట్టారు. ఆట ఆడినవాళ్లు యంత్రం చూడకుండా నిజం సముద్రంలో ఆ చోటు చేరి, చేపలు పడితే పాస్. లేకపోతే లేదు. పదిహేనో తారీఖున పెంచల్ అన్న వీడియో తీసి పంపాలి.

నిజమైన గురుతులు పంపితే ఆటలో మార్చి అందరికీ మళ్లీ పంపిస్తాను. జూన్ పది దాకా చూస్తాను. రాకపోతే మేడమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పి, పెట్టె సర్దుకుని నెల్లూరు బి.కాం.లో చేరతాను.

పరీక్ష పోతే ఏడుస్తాను, తేరుకుంటాను. కానీ నాకు కూడా అబద్ధం చెప్పావే పెదనాయనా.

రోజారమణి

తా.క. ఉత్తరం వచ్చిందా అని గంటకోసారి గేటు దగ్గరికి పోతున్నాను. వాచ్‌మన్ రూఫస్ గారు ఇవాళ జాలిపడి, "అబ్బాయికి ఉద్యోగమైనా ఉందామ్మా?" అని అడిగారు.

*

జువ్వలదిన్నె,
జూన్ 18.

నా తల్లి రోజారమణికి,

పెదనాయన సిగ్గుపడి రాసేది. నిజం గురుతులు మూడుసార్లు రాసి మూడుసార్లూ చించేసినాను. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలవదు. నువ్వు అన్నట్టే పదో తారీఖున మీ మేడమ్‌కు చెప్పేసినావంట. ఆవిడ, "సముద్రం ఏమంటుందో చూద్దాం" అనిందంట. పెంచల్ చెప్పినాడు.

పదిహేనున ఇరవై రెండు బోట్లు ఆ బురద మీదికి బయల్దేరినాయి. చూడలేక నేను నా నిజం చోటుకు పోయినాను. నాకు దక్కింది నాలుగు పీతలు, ఒక ప్లాస్టిక్ చెప్పు. ఎడమకాలిది.

సాయంత్రం వాళ్లు తిరిగొస్తా ఉంటే తిట్లకు సిద్ధమై నిలబడినాను. బోట్లలో కాలు పెట్టే సందు లేదు మే! వంజరం, చందువ, మళ్లీ వంజరం. చెంచురామయ్య నా నాలుగు పీతలు చూసి, "చోటు మాకిచ్చి నువ్వు ఉత్త చేతుల్తో వచ్చినావా అన్నా" అని వాటేసుకుని ఏడ్చినాడు. శాలువా ఆడనే కప్పినారు. వీడియోలో నా మొహం చూసి మీ మేడమ్, ఇంత మంచి చోటిచ్చి అబద్ధమని చెప్పుకున్నాడా, ఎంత వినయమో అనిందంట. నువ్వు పాసు.

మా నాయన నాకు కూడా అబద్ధమే చెప్పినాడు. బురదని నాకు చెప్పి, ఊరందరికీ చెప్పి, తన చోటు తనతోనే తీసుకుపోయినాడు. నీ ఆట చూసి అది నా చోటేనని నమ్మేదాకా ఇన్నేళ్లుగా ఎవరూ ఆడ వల దించింది లేదు. కడుపున పుట్టినోణ్ణి, నాక్కూడా చెప్పలేదే అని రెండు రోజులు అన్నం దిగలేదు. అప్పుడు నీ ఉత్తరం తీసి మళ్లీ చదివినాను. నువ్వు రాసిందీ ఆ మాటే.

సెలవులకు రా. ఈసారి కట్టేసిన బోటు కాదు. నిజం నాకు ఒడ్డున చెప్పడం చేతకాదు, సముద్రం మీదే చెప్తాను. ఆడపిల్ల బోటెక్కడమేందని ఎవరన్నా అంటే తాను చూసుకుంటానని చెంచురామయ్య అన్నాడు.

నీ దారి చూసే
పెదనాయన

తా.క. బురదని మా నాయన చెప్పిన చోట్లు ఇంకా మూడున్నాయి. త్వరగా రా.