ఉపేంద్ర పాసు మీద పోయిన నా కుడిచెయ్యి

బీజాపూర్ జిల్లా, భోపాల్‌పట్నం బ్లాకు, తర్లగూడ గ్రామంలో ఉంటున్న, కీర్తిశేషులు దుర్గం లచ్చయ్య కొడుకు దుర్గం భూషణం అనే నేను, వయసు యాభై ఆరు, ఎవరి బలవంతమూ లేకుండా, మంచి తెలివిలో ఉండి రాస్తున్న వీలునామా ఇది. నా తెలివి బాగుందని వరంగల్ డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. ఊపిరితిత్తుల గురించి కూడా రాశాడు, ఆ సంగతి అంత బాగా లేదు. నగర్‌నార్ దారిలోని కంకర కంపెనీ దివాలా తీసింది గాని, దాని దుమ్ము నా ఛాతీలో ఇంకా మూడు షిఫ్టులూ పనిచేస్తోంది.

ఇదంతా నేను ఎడమచేత్తో రాశాను. అక్షరాలు ఒక పక్కకు ఒరిగి ఉంటే, అది మనసు ఒరగడం కాదని సబ్ రిజిస్ట్రారు గారు గమనించగలరు.

ఇందులో రాసినవి అమలు చేసే బాధ్యత నా కూతురు నవీనది. ఆమె ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఆరేళ్ళుగా నాకు కోర్టు కాగితాలు చదివి అర్థం చెబుతోంది. నాకంటే పిల్లలే నయం అంటుంది.

1. ఇల్లు, ఇంటి వెనక చింతచెట్టు, రెండు బర్రెలు నా భార్య సోమమ్మవి. బియ్యం డ్రమ్ములో ఆమె దాచుకున్నదేదో ఆమెకే తెలుసు. నాకు తెలియనిదాన్ని రాసివ్వడం మోసం కిందికి వస్తుంది కాబట్టి రాయడం లేదు. ఆరేళ్ళుగా పొద్దున్నే నా చొక్కా గుండీలు పెడుతోంది, ఒక్కసారి కూడా నిట్టూర్చలేదు. తిట్టింది, అది వేరే. ఇప్పుడు కూడా గుమ్మంలో నిలబడి, "గంట సేపటి సంది ఏంది రాస్తున్నవ్, పెండ్లి సామాను లిస్టా?" అంటోంది.

2. రోడ్డు పక్క ఎకరన్నర పొలం నవీనది. కౌలుకిచ్చినా, తానే దున్నుకున్నా ఆమె ఇష్టం. ఎవరూ సలహా చెప్పకూడదు. ముఖ్యంగా నా అన్నలు.

3. నా కేసు. ఇది ఆస్తి కిందికి వస్తుందో రోగం కిందికి వస్తుందో వకీలు ప్రవీణ్‌కుమార్ గారు ఇంకా తేల్చలేదు. దీన్ని నవీనకు ఇస్తున్నాను. నేను పోయిన తొంభై రోజుల్లోపు నా పేరు తీయించి తన పేరు, తల్లి పేరు పెట్టించాలి. లేకపోతే కేసు కూడా నాతోపాటే పోతుంది. రేపు కొత్త జడ్జిగారు వచ్చినా, కొత్త వకీలు వచ్చినా మొదటినుంచి చెప్పుకునే పని లేకుండా జరిగింది ఇక్కడ రాసి పెడుతున్నాను.

సోమమ్మ తమ్ముడు ఉపేంద్ర, నా బామ్మర్ది, ఆ కంకర కంపెనీలో కూలీ. ఒకప్పుడు నేనూ అక్కడే చాలా ఏళ్ళు దుమ్ము మింగి మానేశాను. 2019 మే నెలలో, బీడీలు చుట్టే తునికాకు కోతకు ఊరికి వచ్చాడు. కంపెనీలో మూడు రోజులు కనబడకపోతే పేరు కొట్టేస్తారు. అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆకు కోతకు ఒకడు ఇంటికి వస్తే, ఇంట్లోవాడు ఇంకొకడు అతని గేటు పాసు మెడలో వేసుకుని వెళ్ళి అతని చోటు కాపాడతాడు. గేటు దగ్గర పాసు చూస్తారు, మొహం చూడరు. ఈ సంగతి మేస్త్రీకి తెలుసు, మేనేజరుకు తెలుసు, గేటు దగ్గర పడుకునే కుక్కకు కూడా తెలుసు. అలా పదకొండు రోజులు నేను ఉపేంద్రనయ్యాను. పదకొండో రోజున కంకర మోసే బెల్టు నా కుడిచేతిని మణికట్టు పైదాకా లాక్కుంది.

కంపెనీ కాగితంలో మాత్రం చెయ్యి పోయింది ఉపేంద్రకు. బీమా కంపెనీ వాళ్ళు తమ డాక్టరు దగ్గరికి అతన్నే పిలిపించారు. వెళ్ళాడు. చొక్కా చేతులు మడవమంటే మడిచాడు. డాక్టరు రెండు చేతులూ తిప్పి చూసి, ఒక్కొక్క వేలూ లెక్కపెట్టి, క్లెయిము అబద్ధమని రాశాడు. డాక్టరు పనిలో తప్పు లేదు. వేళ్ళు పదీ ఉన్నాయి.

నేను నా సొంత పేరుతో జగదల్‌పూర్‌లో కేసు వేశాను. రెండేళ్ళు తారీకులు పడ్డాయి. అప్పుడు కంపెనీ దివాలా తీసింది. దేవుడున్నాడని సంతోషపడ్డాను. కానీ దివాలా మొదలైతే దాని మీద ఉన్న కేసులన్నీ ఆపెయ్యాలట, చట్టమట. కంపెనీకి ఒంట్లో బాగా లేదు, ఎవరూ గట్టిగా మాట్లాడకూడదన్నట్టు అందరినీ బయట కూర్చోబెట్టారు. చెయ్యి పోయిన నాకు అంత మర్యాద ఎవరూ చెయ్యలేదు. కంపెనీ నుంచి రావలసిన బాకీలు ఉన్నవాళ్ళు తొంభై రోజుల్లోపు చెప్పుకోండని రాయపూర్ పేపర్లో వేశారట. ఆ పేపరు తర్లగూడకు రాదు. వచ్చినా మిర్చి బజ్జీల పొట్లంగా వస్తుంది. మేం చెప్పుకునేసరికి గడువు దాటింది. బ్యాంకుల వాళ్ళు ముందు, ఆ తర్వాత ఎవరెవరో, అందరి వెనక మేము. మా ఎదురుగా సున్నా రాశారు. ఆ దివాలా ఆఫీసు గుమాస్తా నా ముఖం చూసి జాలిపడి, "సున్నా అంటే ఏమీ లేదని కాదు భాయ్, మీ క్లెయిము చూశామని" అన్నాడు, హిందీలో.

ఇప్పుడు అదే గేటు, అదే బెల్టు, బోర్డు మాత్రం కొత్తది. కొత్త యజమాని పాత పాపాలేవీ అంటకుండా కొన్నాడట. మా ఊళ్ళో బర్రెను కొంటే దాని ఒంటిమీద రక్తం తాగే గోమార్లతో సహా కొంటాం. పెద్దవాళ్ళ బేరంలో గోమార్లు పాత యజమాని దగ్గరే ఉండిపోతాయి, ఆ పాత యజమాని ఎక్కడా ఉండడు.

ప్రవీణ్‌కుమార్ గారు పాత చట్టంలో ఒక దారి వెతికారు. యజమాని దివాలా తీస్తే, బీమా కంపెనీ మీద అతనికున్న హక్కు దెబ్బ తగిలిన కూలీకి వస్తుందట. కాబట్టి ఇప్పుడు కేసు బీమా కంపెనీ మీద నడుస్తోంది. వాళ్ళది ఒకటే మాట: కాగితంలో ఉన్నది ఉపేంద్ర, ఉపేంద్రకు రెండు చేతులూ ఉన్నాయి, మధ్యలో ఈ భూషణం ఎవరు?

ఉపేంద్ర ఆ రోజు అడవిలో ఆకు కోశాడని కట్టల లెక్క రాసే అతని తునికాకు కార్డు చూపించాం. "మీవాళ్ళు ఒకరి కార్డు మీద ఒకరు ఆకు కడతారు కదా" అని వాళ్ళ వకీలు అన్నాడు. నిజమే, కడతాం. ఆ రోజు నా పక్కనే పనిచేస్తూ కళ్ళారా చూసిన బుధ్రాను తీసుకెళ్ళాం. ఆ రోజు హాజరులో బుధ్రా లేడు, వాళ్ళ అన్న మంగల్ ఉన్నాడు. మంగల్ కూడా ఆకు కోతకే పోయాడు మరి. ఆ షిఫ్టులో తన సొంత పేరు మీద పనిచేసింది బెల్టు ఒక్కటే.

ఇక మిగిలింది ఉపేంద్ర నోరు. మళ్ళీ తారీకు డిసెంబరు తొమ్మిది.

4. నా చేపల వల బుధ్రాకు. బెల్టు ఆపింది అతను. తన కండువా నా చేతికి కట్టి, లారీలో దారి పొడుగునా నాకు నిద్ర పట్టకుండా గోండులో ఏవో బూతు కథలు చెప్పింది అతను. సగం నాకు అర్థం కాలేదు, అయినా నవ్వాను. వల విసరాలంటే రెండు చేతులు కావాలి. ఇంద్రావతిలో నీళ్ళు తగ్గాక వెయ్యమనండి. మొదటి చేప సోమమ్మకు ఇవ్వాలి, చిన్నదైనా సరే.

5. ప్రమాదం తర్వాత కంపెనీ నాకిచ్చింది ఒక్కటే, సేఫ్టీ వారానికి బహుమతిగా చేతి తొడుగుల జత. కుడిచేతిది ఇంకా కవరులోనే ఉంది. అది నా బామ్మర్ది వేళ్ళు లెక్కపెట్టిన బీమా డాక్టరు గారికి. దివాలా వ్యవహారం చూసిన సాహెబ్‌కు క్యూలో నా చోటు ఇస్తున్నాను. ఆయన పిల్లలు, మనవలు కూడా అక్కడే నిలబడవచ్చు. ఆ క్యూ కదలదు కాబట్టి తోపులాట ఉండదు.

6. ఉపేంద్ర. ఈ అంశం మూడుసార్లు రాసి కొట్టేశాను. ఇది నాలుగోది.

అతను కొత్త కంపెనీలో కూడా ఆ పాసు మీదే ఉన్నాడు. పాత సర్వీసు కలిసింది, జీతం పెరిగింది. ఆ పదకొండు రోజులు తాను పనిలో లేనని కోర్టులో చెబితే, దొంగ హాజరు వేయించాడని మర్నాడే తీసేస్తారు. అతని కూతురు వినీత జగదల్‌పూర్‌లో నర్సింగు చదువుతోంది, రెండో ఏడు. ఫీజు ఆ జీతంలోంచే కట్టాలి. పోయిన దసరాకు మా ఇంట్లో అన్నం తింటూ, కంచంలోంచి తల ఎత్తకుండా అన్నాడు: "బావా, కాయితంల నా చెయ్యి పోయింది, నిజంగ నీది పోయింది. నేను నోరు తెరిస్తే కొలువు గూడ పోతది. ఇంక మన ఇంట్ల పోకుండ ఏం మిగుల్తది, నువ్వే చెప్పు." నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతోంది. అతని మీద కాదు. రెండు పెద్ద కంపెనీలు తప్పించుకుని పోతే, ఒకే కంచం చుట్టూ కూర్చున్న ఇద్దరం ఎవరం మునగాలో పంచుకోవలసి వచ్చింది చూశారా, దాని మీద. అసహ్యం అనే మాట నేను అంత తేలిగ్గా వాడను. ఇక్కడ వాడుతున్నాను.

వాగు పక్కనున్న అరెకరం ఉపేంద్రకు రాస్తున్నాను. షరతు ఏమీ లేదు. నోరు తెరవకపోయినా అతనిదే. నవీనా, మామను బతిమాలవద్దు, ఎత్తిపొడవవద్దు. పండగకు పిలిస్తే మాంసం తక్కువ వెయ్యవద్దు.

7. సాక్షుల సంగతి. వీలునామాకు ఇద్దరు కావాలి. సాక్షి సంతకం చేసినవాళ్ళకు ఇందులో ఏం రాసిచ్చినా చెల్లదని ప్రవీణ్‌కుమార్ గారు చెప్పారు. అందుకే బుధ్రాను పిలవలేదు. జిరాక్సు దుకాణం కమలేష్‌కు, మా వాడకట్టు మంగుకు నేనేమీ ఇవ్వడం లేదు, వాళ్ళిద్దరూ చాలు. మంగు వచ్చి అరుగు మీద కూర్చుని రెండో చాయ్ తాగుతున్నాడు. ఉపేంద్ర కూడా పొద్దున బస్సుకు వచ్చాడు. తన గురించి ఏం రాశానో చూస్తానన్నాడు. చూడమన్నాను. దాచుకునే ఉత్తరం కాదిది.

పైన చెప్పినదంతా నాకు తెలిసిన నిజం, నేను కోరిన పంపకం. తేడా వస్తే నన్ను అడగడానికి నేను ఉండను గాబట్టి, ఇప్పుడే రెండుసార్లు చదివి చూసుకున్నాను.

తర్లగూడ, 18 నవంబరు 2025

దుర్గం భూషణం
(ఎడమచేతి సంతకం)

సాక్షులు:

1. కమలేష్, జిరాక్సు దుకాణం, భోపాల్‌పట్నం. భూషణం కాకా నా ఎదురుగానే సంతకం చేశాడు.

2. ఉపేంద్ర, సోమమ్మ తమ్ముడు. బావ నా ముందటనే సంతకం పెట్టిండు. మంగును నేనే ఇంటికి పొమ్మన్న. ఆరోది చదివిన, ఏడోది గూడ చదివిన. అరెకరం నాకు రాదని ఎరికే. 2019 మే నెలల నేను అడివిల ఆకు కోసిన, కంపెనీల పని చేసింది మా బావ. పోయిన చెయ్యి ఆయనదే. డిసెంబరు తొమ్మిది తారీకున కోర్టుకొచ్చి ఈ మాటనే చెప్త. వినీతకు నేనే చెప్పుకుంట.