ఒకే నెల వేసిన వేళ్లు

పెద్దదోర్నాల,
18-6-1964

చిరంజీవి చెన్నకేశవులుకు నాయన దీవెనలు.

ఇక్కడ నేనూ మీ అమ్మా ఉన్నాం. మృగశిర వచ్చి పదిరోజులైనా చినుకు లేదు. ఈ ఏడు క్షేమమంటే ఇంతే.

ఏడేళ్ల కిందట మీ మేనమామ కాటమరాజుకు ఒక మాటిచ్చి తప్పాను. "రెండు కొండల్లోనూ సక్రమంగా తవ్విస్తా, నీ గొర్రెలకు అన్యాయం జరగదు" అని. నీ ఉత్తరం చదివాక అదే గుర్తొచ్చింది.

నువ్వడిగినదానికి జవాబు: అవును, అడవిశాఖ చేయించిన ఆ సన్నవేళ్ల సర్వేలో కూలీల మేస్త్రీని నేనే. నల్లమద్ది, ఏగిస, చిరుమాను కలిసి పెరిగిన అడవి. జానెడు లోతు తవ్వి, దారాల్లాంటి వేళ్లు ఏరి, కడిగి, ఆరబెట్టి, తవ్విన నెల రాసిన చీటీ కట్టేవాళ్లం. మీ మాస్టారు చెప్పింది నిజమే. వానల్లో పుట్టే కొత్త వేళ్లలో సారం నిండుగా ఉంటుంది, ఎండల్లో తగ్గిపోతుంది. ఆ సంగతి నేను అప్పటికే పుస్తకాల్లో చదివాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

మేతవల్ల అడవికి నష్టముందో లేదో తేల్చడానికి, గొర్రెలు మేసే కొండలోనూ, మేత లేని కొండలోనూ ఒకే నెలలో తవ్వి, సారం పోల్చాలి. సర్వే ఆఫీసరు శ్రీరాములు జీపు దిగి అడవిలో అడుగుపెట్టిన మనిషి కాదు. ఆయన సంతకంతోనే సర్కారుకు కాగితం పోయింది, గొర్రెలు తిరిగేచోట వేళ్ల సారం సగానికి పడిపోయిందని.

కొండమీద మేత బంద్ అయిన రోజు మీ మామ మన వాకిట్లో నిలబడి అరిచాడు. "ఏంది బావా ఇది! నా గొర్రెలు గడ్డి తింటాయి గానీ భూమిలో దూరి యేర్లు తింటాయా? పందికొక్కులనుకున్నారా?"

మీ అమ్మ నవ్వింది. నేను శ్రీరాములును తిట్టాను. ఈనాటికీ ఊరందరి దగ్గరా ఆయన్నే తిడుతున్నాను.

ఆ కాగితంలోని లెక్కలు నీ చదువుకు వాడుకుంటానన్నావు. వాడకు. వానల్లో వాగు దాటలేక మేత కొండ వదిలేసి, మేత లేని కొండలోనే తవ్వించాను. ఎండాకాలంలో నీళ్లు మోసుకుని ఆ కొండ ఎక్కలేక, దగ్గరున్న మేత కొండతో సరిపెట్టాను. పని ఎగ్గొట్టింది బయటపడకుండా చీటీలన్నిటిమీదా ఒకే నెల వేశాను. శ్రీరాములు వెయ్యమనలేదు. నేనే వేశాను. సారం తగ్గింది ఎండలకు, గొర్రెలకు కాదు.

మీ అమ్మ పక్కనే కూర్చుని, "పిల్లోన్ని యాళకు తినమని రాయి" అంటోంది. ఆమెకు చదువు రాదు. అందుకే రాయగలుగుతున్నాను.

మామ మంద అమ్మేసి మార్కాపురం పలకల గనికి కూలికి పోయాడు. నాలుగేళ్లు ఆ దుమ్ము మింగాడు. చివరిసారి చూడబోతే, దగ్గు తెరిపిచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఎర్రటెండలో ఆ యేర్ల కోసరం శానా తిరిగినావంట బావా. ఆ జీపు దొర నీ కష్టమంతా పాడుచేసినాడు" అన్నాడు. అతని కళ్లలో అనుమానం కోసం వెదికాను. లేదు. మరుసటి వారం పోయాడు.

ఈ ఉత్తరం మీ మాస్టారికి చూపించు. ఆ కాగితం తప్పని రాయమను. నా పేరు దాచొద్దు.

"నువ్వేమన్నా చేసినావా బావా?" అని ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణి. నాలుగేళ్లలో ఒక్కసారి! శ్రీరాములును ఈరోజుతో వదిలేశాను. నన్నంతగా నమ్మి, ఆ ఒక్కమాట అడక్కుండా పోయినవాణ్ణి మాత్రం క్షమించలేను. మీ మామను, కాటమరాజును.

ఇట్లు,
నీ నాయన
లింగయ్య