సీసపద్యం రెండో పాదం

కార్తీక బహుళ తదియ, గురువారం.

సాయంత్రం గోల్‌మురి పార్కులో తోటి తెలుగువారికి సీసపద్యం చదివి వినిపిస్తూ, ఊపిరి అందక రెండో పాదంలోనే ఆగిపోయాను.

"ఏటి మాస్టారూ, ఆగిపోనారు?" అన్నాడు వారిలో ఒకడైన అప్పలసూరి.

మరచిపోయానన్నాను.

"మీరే మరిసిపోతే మాకెవులు సెప్తారండీ?" అని నవ్వాడు.

ధారణ తప్పిందన్న మాటను ఎన్నడూ సహించని నేను నేడు దానినే ఆశ్రయించాను. ఆయాసమని తెలిస్తే వారిక పద్యం అడగరు. రోజంతటిలో నాతో మనుషులు మాట్లాడేది ఆ గంటసేపే.

రక్తపోటు గుండెకు చేటు, ఉప్పూ ఊరగాయా మానమని డాక్టరు పోయిన నెలలోనే హెచ్చరించాడు. వంట చేసేవారిని వెంట తీసుకురమ్మన్నాడు. నా భార్య శారద పోయి మూడేళ్ళయిందని చెప్పలేక తలూపి వచ్చాను. ఆమె పోయిన నాటినుండి నేటికీ రెండు పూటలా ఆవకాయ అన్నమే.

రేపు వెళ్ళి ఈ ఆయాసం సంగతి చెప్పాలి. పద్యాలు కూడా మానమంటాడేమో.