వినపడిన ఫోను

అక్కా,

నువ్వు పోయి పది నెలలయింది. సిరిసిల్ల నుంచి వచ్చినప్పుడల్లా ఒక మాట అనేదానివి. "ఎవ్వలకు చెప్పలేంది నోట్‌బుక్కుల రాస్కో చెల్లె. నీకు నువ్వు ఎర్కైతవ్." నువ్వు పోయాకే రాయడం మొదలుపెట్టాను. రోజూ బీడీలు చుట్టే చాట ఒళ్లో పెట్టుకునే ముందు ఒక పేజీ రాస్తాను.

నువ్వు పోవడానికి ముందురోజు సాయంత్రం చేసిన ఫోను నాకు వినపడలేదని అందరికీ చెప్పాను. చెప్పీ చెప్పీ నేనూ నమ్మాను. ఈ పొద్దున అదే రాయబోతే చెయ్యి ఆగింది. ఫోను మోగింది, నీ పేరు చూశాను, మా గృహప్రవేశానికి నువ్వు రాలేదన్న కోపంతో ఎత్తలేదు. అట్లాగే రాసి, ఆ వాక్యాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

కోరుట్లలో బస్సెక్కి మీ ఇంటికి వెళ్లి బావకు చెప్పాను. ఆయన మరమగ్గం ఆపి నా పక్కన కూర్చున్నాడు.

"నాకెర్కనే. నువ్వు ఎత్తకపోతే మీ అక్క నవ్వింది. 'చెల్లె అలిగింది, పొద్దుగాల మళ్ల జేస్త' అన్నది."

ఈ పది నెలలూ నా అబద్ధం బయటపడుతుందన్న లోపలి భయంతోనే ఏడ్చానని అప్పుడు తెలిసింది. తిరుగు బస్సులో, కిటికీ పక్కన కూర్చుని, మొదటిసారి నీకోసం ఏడ్చాను.

నీ చెల్లె